పెరగని నాళం

కూర్మారావుకు మొదటిసారి గుండె ఆపరేషన్ జరిగినప్పుడు రెండేళ్ళు. రెండోసారి చేయించుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చినప్పుడు ఇరవయ్యారు. అతను చేరిన మర్నాడు పొద్దున పది గంటలకు మీటింగ్ గదిలో గోడ మీద అతని గుండె స్కాన్ బొమ్మ వేశారు. బూడిద రంగు కండరం మధ్య సున్నపు కడ్డీలా తెల్లగా మెరుస్తున్న గొట్టాన్ని చూసి నేను తల దించుకున్నాను.

"మనం ఇప్పటిదాకా నలభై ఒక్కమందికి ఈ నాళం వేశాం," అన్నారు డాక్టర్ రంగనాయకులు గారు. "నలభైమందిలో అది పిల్లలతో పాటే పెరిగింది. వాళ్ళలో ఒక్కరికీ రెండో ఆపరేషన్ అవసరం రాలేదు. ఈ ఒక్కడిలోనే పెరగలేదు. రాయిలా బిగుసుకుపోయింది. రెండుసార్లు తొడ దగ్గర్నుంచి తీగ పంపి, బెలూన్‌తో వెడల్పు చేశాం. ఇక సాగదు."

కొందరు పిల్లలు గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే నాళం లేకుండానే పుడతారు. అలాంటి పిల్లల కోసమే రంగనాయకులు గారు పెరిగే నాళాన్ని కనిపెట్టారు. పిల్లవాడి చెవి వెనక నుంచి బియ్యపు గింజంత ముక్క తీసి, అందులోని కణాలను పట్టుదారంతో అల్లిన గొట్టం మీద పరిచి ఆరు వారాలు పెంచుతాం. పిల్లవాడిలో కుట్టాక పట్టుదారం మెల్లగా కరిగిపోతుంది. సొంత కణాలు మాత్రం మిగిలి, సొంత శరీరంలా పెరుగుతాయి. విశాఖపట్నంలోని ఆ ప్రయోగశాలలో ఆ కణాలు పెంచే టెక్నీషియన్‌ని నేను. నా పేరు సువర్చల. మొదటి నాళం నుంచీ అన్నీ నా చేతుల మీదే పెరిగాయి.

"ఈసారి ఏం వేద్దాం సార్?" అని అడిగింది సర్జన్ నఫీసా.

"పాత పద్ధతే. ఆవు మెడ సిరతో చేసిన గొట్టం."

"అంటే మళ్ళీ పదేళ్ళకో పన్నెండేళ్ళకో కొయ్యాలి. ఒకసారి తెరిచిన గుండె రొమ్ము ఎముకకి అతుక్కుపోయి ఉంటుంది సార్. ఎముక కోసే రంపం గుండెకే తగలొచ్చు. ఇప్పుడే నాకు భయంగా ఉంది. ఇంక మూడోసారి, నాలుగోసారి అంటే..."

"తెలుసమ్మా. ఏం చేస్తాం? లోపం అతని కణాల్లోనే ఉంది. వాటితోనే ఇంకో నాళం పెంచితే అదీ ఇలాగే అవుతుంది."

అతని కణాల్లో ఏ లోపమూ లేదు. ఆ సంగతి ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. ఎందుకంటే అతని గుండెలో ఉన్న నాళంలో అతని కణం ఒక్కటి కూడా లేదు.

ఇరవై నాలుగేళ్ళ క్రితం ఒక శనివారం జరిగిన సంగతి చెప్తాను. కణాలు పెంచే పెట్టెకి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తగిలించి ఉంటుంది. ఆ వాయువు సరిగ్గా అందుతున్నంతసేపూ కణాలకు పోసే ద్రవం నారింజ రంగులో ఉంటుంది. అందకపోతే ఊదారంగుకి తిరుగుతుంది, కణాలు చచ్చిపోతాయి. ఆ మధ్యాహ్నం సిలిండర్ ముల్లు చివరికొచ్చేసింది. కొత్త సిలిండర్ మెట్ల కింద ఉంది. దొర్లించుకొచ్చి బిగించడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. బయట మా ఆయన ఫణి స్కూటర్ స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. ఇద్దరం కలిసి సినిమాకి వెళ్ళి ఏడాది దాటింది. మ్యాట్నీకి టైమైపోతోంది. సోమవారం దాకా వస్తుందిలే అనుకుని తాళం వేశాను.

సోమవారం పొద్దున్న వచ్చేసరికి ఆ పెట్టెలోని ద్రవం ఊదారంగులో ఉంది.

అందులో ఉన్నది ఒకే నాళం, రెండేళ్ళ కూర్మారావుది. బుధవారం ఆపరేషన్. ఆ వారంలో వాడు రెండుసార్లు ఏడ్చి ఏడ్చి నీలంగా మారి స్పృహ తప్పాడు. ఇంకో నాళం పెంచడానికి ఆరు వారాల వ్యవధి లేదు. నేను నిజం చెప్పి ఉంటే వాడికి ఆవు నాళం వేసేవారు. వాడు బతికేవాడు. 'నేనలా చెయ్యకపోతే పిల్లాడు చచ్చిపోయేవాడు' అని తర్వాత చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న మాట అబద్ధం. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. రంగనాయకులు గారి ముందు నిలబడి, సినిమాకి వెళ్ళానని చెప్పడానికి సిగ్గుపడ్డాను. అంతే.

పక్క పెట్టెలో ఇంకో నాళం సిద్ధంగా ఉంది. అది లిఖిత అనే మూడేళ్ళ పాపది. తన ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు జ్వరమొచ్చి ఆ పాప చనిపోయింది. నాళాన్ని పారెయ్యమని నాకు చెప్పారు గానీ ఇంకా పారెయ్యలేదు. ఇద్దరిదీ ఒకటే రక్తం గ్రూపు. సీసా మీది పేరు కాగితాన్ని గోరుతో గీకి తీశాను. జిగురు మిగిలితే స్పిరిట్‌తో తుడిచాను. దాని మీద కూర్మారావు పేరు అంటించాను. బుధవారం ఆ సీసాని ఆపరేషన్ థియేటర్‌కి నేనే మోసుకెళ్ళాను.

వాడి శరీరం ఆ కణాలను పరాయివిగా గుర్తుపట్టింది. మెల్లగా, ఏళ్ళ తరబడి, ఒక్కొక్కటిగా చంపేసింది. కణాలు పోగా మిగిలిన గోడ మీద సున్నం పేరుకుంది.

*

మీటింగ్ అయ్యాక నఫీసా నన్ను ఆపింది. "వాళ్ళమ్మ మీ గురించి అడిగింది మేడమ్. చిన్నప్పుడు మీరే బాగా చూసుకున్నారట. ఒకసారి మాట్లాడండి, ధైర్యంగా ఉంటుంది."

వాళ్ళమ్మ తవిటమ్మది పలాస. జీడిపిక్కలు కొట్టే బట్టీలో పని. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, అందుకని ఆమె వేళ్ళు మొదళ్ళదాకా నల్లగా మాడి ఉన్నాయి. కేంటీన్‌లో నన్ను చూడగానే లేచి నిలబడింది.

"మీరు ముసలోలైపోనారమ్మా," అంది ఆప్యాయంగా. "మీకు సెప్పకుండా దేనికీ సంతకం పెట్నని ఆ డాక్టరమ్మకి సెప్పినాను."

కూర్మారావు నవ్వాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మోటార్లకు రాగితీగ చుట్టే చిన్న షాపు నడుపుతాడట. ఈ మధ్య ఒక మోటారు ఎత్తి బల్ల మీద పెట్టేలోపే ఆయాసం వస్తోందన్నాడు. రెండు వాక్యాలు మాట్లాడి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"మళ్ళీ మళ్ళీ కోస్తారంట గదా మేడమ్?" అని అడిగాడు. "పదేళ్ళకోపాలి. మోటారైతే ఓసారి వైండింగ్ పోతే మళ్ళీ సుట్టుకోవచ్చు. రెండోపాలీ సుట్టుకోవచ్చు. నాలుగోపాలికి లోపల ఇనుమే పాడైపోద్ది."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

"అంతా నా కడుపులోని దోసమమ్మా," అంది తవిటమ్మ. "నలభైమంది పిల్లలకి పట్టిన వైద్దెం నా బిడ్డకే పట్నేదు. ఈడికి పన్నెండేళ్ళప్పుడు సెకప్పుకి వస్తే కాయితం ఇచ్చినారు గదా, ఈడి కణాల్లోనే లోపం అని. ఇంటికెల్లి ఆ మాట సెప్తే మా అత్త అప్పుడే అనీసింది, ఈ ఆడదాని రగతమే సెడ్డదని. మా ఆయనకి ఇంకో బిడ్డ గావాలని ఎంత ఆశో. మళ్ళీ ఇలాటోడే పుడతాడని వద్దనీసినాడు. ఆయన పోయీ ఆరేళ్ళయినాది."

"ఇప్పుడవన్నీ ఎందుకే అమ్మా," అన్నాడు కొడుకు.

"ఎందుకంటే ఏటి? నీ పెళ్ళి సంగతో? సంబంధం కుదిరినాదమ్మా. సక్కని పిల్ల. పిల్ల తరపోలు ఈడి గుండె సంగతి తెలిసీ ఒప్పుకున్నారు. ఈడే వద్దన్నాడు."

కూర్మారావు బల్ల మీద ఒలికిన నీళ్ళను వేలితో గీతలా లాగుతూ, "నా లోపం నా పిల్లలకి వస్తే ఆ పాపం నాది గదా మేడమ్. తెలిసి తెలిసి ఎలగ కంటాను?" అన్నాడు.

పన్నెండేళ్ళప్పుడు ఆ కాగితాన్ని వాళ్ళకు చదివి వినిపించింది నేనే. రంగనాయకులు గారు ఇంగ్లీషులో రాస్తే నేను తెలుగులో చెప్పాను. 'రోగి కణాలలో స్వతహాగా ఉన్న లోపం.' ఆ వాక్యం చెప్పేటప్పుడు నా గొంతు వణకలేదు కూడా.

*

నిజం చెప్పకుండానే అతన్ని కాపాడే దారి ఉందేమోనని ముందు వెతికాను. పరీక్షల కోసం అతని దగ్గర తీసిన కండ ముక్కలో కొంచెం దాచి, ఎవరికీ చెప్పకుండా కణాలు పెంచాను. పదో రోజుకి గిన్నె అడుగంతా అల్లుకుపోయాయి. ఇన్నేళ్ళలో అంత చక్కగా పెరిగిన కణాలను నేను చూడలేదు. సూక్ష్మదర్శిని మీద నుంచి కళ్ళు తీయలేక చాలాసేపు అలాగే కూర్చున్నాను. అవి రెండేళ్ళప్పుడూ ఇలాగే ఉండి ఉంటాయి.

ఆ గిన్నెను రంగనాయకులు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గిన్నెలో పెరగడం వేరమ్మా. అతని ఒంట్లో ఇరవై నాలుగేళ్ళు పెరగలేదు. దానికి మించిన సాక్ష్యం ఏముంది? మళ్ళీ ఆ నాళానికే ఒప్పుకుంటే అది నా మొండితనం అవుతుంది. ఆ కుర్రాడి ప్రాణంతో ప్రయోగం చెయ్యలేను."

ఆయన మంచివాడు. తప్పుడు సంగతిని నమ్మి మంచిపని చెయ్యబోతున్నాడు. దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్క నిజమే.

"సార్, అందులో ఉన్నవి ఆ అబ్బాయి కణాలు కావు."

మొత్తం చెప్పాను. సిలిండర్, సినిమా, లిఖిత, పేరు కాగితం, అన్నీ. చెప్పడం అయిపోయాక లేచి వెళ్ళి తలుపు గడియ వేశారు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"ఇన్నేళ్ళూ నేను దేశదేశాల సభల్లో ఈ కుర్రాడి గురించి మాట్లాడాను. కొన్ని కణాలు పనికిరావని సిద్ధాంతం చేశాను. ఆ సిద్ధాంతం చదివి ఎంతమంది డాక్టర్లు ఎంతమంది పిల్లలకి ఈ నాళం వద్దని చెప్పి ఉంటారో నీకు తెలుసా?"

నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. నా తప్పు ఒక పిల్లవాడి గుండె దగ్గరే ఆగిందని అనుకుంటూ వచ్చాను.

ఆయన కిటికీ దాకా వెళ్ళారు. తిరిగి వచ్చి నెమ్మదిగా అన్నారు. "అతనికి సొంత నాళం పెంచు. ఆరు వారాలు మందులతో నెట్టుకొద్దాం. అతని కణాలకు కొత్త పద్ధతిలో చికిత్స చేసి లోపం సరిచేశామని రాస్తాను. కుర్రాడు బాగుపడతాడు. ఇది బయటికొస్తే మిగతా నలభై కుటుంబాలకూ నిద్ర ఉండదు. ఎవరి పిల్లాడి గుండెలో ఎవరి కణాలున్నాయోనని."

సరేనన్నాను. ఉన్నమాటే చెప్తున్నాను, నాకు ఎంతో తేలిగ్గా అనిపించింది. ఇరవై నాలుగేళ్ళ బరువు ఇంకొకరు అందుకున్నట్టు అనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఫణికి చెప్పాను. అతను కూరలు తరుగుతున్నాడు. ఆ శనివారం అతనికి బాగానే గుర్తుంది. హారన్ కొట్టిన సంగతి గుర్తుందో లేదో నేను అడగలేదు.

"డాక్టరుగారే దారి చూపించారు కదా," అన్నాడు చివరికి. "అబ్బాయి బాగుపడతాడు. ఇంకా ఎందుకు బాధ?"

"వాళ్ళమ్మ తన రక్తమే చెడ్డదనుకుంటోంది."

"బాగుపడ్డాక అదే మర్చిపోతుంది."

అతను కత్తిపీట కడిగి గోడకి ఆనించాడు.

*

నాళం చక్కగా పెరిగింది. నాలుగో వారానికి నాడి కొట్టుకున్నట్టు ద్రవాన్ని తోసే పంపుకి దాన్ని కలిపితే, తోసినప్పుడల్లా సాగి, తిరిగి ముడుచుకుంటోంది. కూర్మారావుకి దాన్ని చూపించమని రంగనాయకులు గారే అన్నారు. అద్దం అవతల నిలబడి అతను చాలాసేపు చూశాడు.

"లోపం సరిసేసినారంట గదా మేడమ్. ఎలగ సేసినారు?"

"కొత్త పద్ధతి," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం తవిటమ్మ ప్రయోగశాల గుమ్మం దగ్గరకు వచ్చింది. చేతిలో పాత చీర ముక్కలో మూటగట్టిన జీడిపప్పు ఉంది. నేను బయటికి రాగానే మూట నా చేతిలో పెట్టి, వంగి నా కాళ్ళు పట్టుకుంది.

"నా బిడ్డ రగతాన్ని సుద్ధి సేసినారంట. మావోడు సెప్పినాడు. ఇరవయ్యారేళ్ళు నాను ఆడికి ఇసం ఇచ్చినానని ఏడిసినానమ్మా. మీరు ఆ ఇసం తీసీసినారు."

ఆమెను లేపాను. ఆమె నల్లటి వేళ్ళు నా చేతుల్లో ఉన్నాయి. నేను ఇప్పుడు నోరు మూసుకుంటే ఈమె చనిపోయేదాకా ఈ మాటే చెప్పుకుంటుంది. మా దయ వల్ల తన విషం విరిగిందని ఊరంతా చెప్తుంది. మేము ఆమె నెత్తిన లేని నేరం పెట్టి, ఇప్పుడు దాన్ని క్షమిస్తున్నాం.

"మీ అబ్బాయి ఎక్కడున్నాడు?" అని అడిగాను. "ఇద్దరికీ ఒకసారే చెప్పాలి."

వార్డు వరండాలో, ఎండ పడుతున్న సిమెంటు బెంచీ మీద వాళ్ళిద్దరూ కూర్చున్నారు. నేను నిలబడే చెప్పాను. రంగనాయకులు గారితో చెప్పినప్పటికంటే కష్టమైంది. ఆయనకు చెప్పినప్పుడు వాడిన మాటలు వీళ్ళ ముందు పనికిరాలేదు. ఒక్కొక్కటీ విప్పి చెప్పాల్సి వచ్చింది. నీ కణాలు చచ్చిపోయాయి, నా అజాగ్రత్త వల్ల. చచ్చిపోయిన ఒక పాప కణాలు నీకు పెట్టాను. నీ ఒళ్ళు వాటిని ఒప్పుకోలేదు. నీలో ఏ లోపమూ లేదు. మీలోనూ లేదు తవిటమ్మా. ఎప్పుడూ లేదు.

తవిటమ్మ నా మొహంలోకే చూస్తోంది. అర్థమైందో లేదో తెలియలేదు.

కూర్మారావు ముందు మాట్లాడాడు. "ఇది మీకెప్పుడు తెలుసు?"

"మొదట్నుంచీ."

"పన్నెండేళ్ళప్పుడు ఆ కాయితం సదివి సెప్పింది మీరే గదా?"

"నేనే."

"అప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

అతను లేచి నిలబడ్డాడు. ఆయాసంతో బెంచీ పట్టుకున్నాడు. "మొదటిరోజు మీరు సేసింది భయంతో సేసినారు, సరే. ఓ రోజు తప్పు. కాయితం సదివిన రోజో? కేంటీన్లో నేను పెళ్ళి వద్దన్నానని సెప్తే మీరు అక్కడే గదా కూకున్నారు? ఆ పిల్లకి ఇచ్ఛాపురం సంబంధం సేసీసినారు. మొన్న మాఘంలో పెళ్ళైపోయింది. మీకు తెలుసా?"

"తెలీదు."

"నిన్న కూడా కొత్త పద్ధతన్నారు!"

నర్సు ఒకామె తలుపు తీసి చూసి, మళ్ళీ మూసింది.

తవిటమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఆ పాప పేరేటి?"

"లిఖిత."

"ఎన్నేళ్ళు?"

"మూడు."

"ఆ తల్లికి తెలుసా, తన పిల్ల ముక్క నా కొడుకులో ఉన్నాదని?"

"తెలీదు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో తన గురించి ఎంతో, ఆ తల్లి గురించి ఎంతో నాకు తెలియలేదు. ఏడుపు ఆగాక నా చేతిలోంచి జీడిపప్పు మూట తీసుకుంది. కోపంగా లాక్కోలేదు. పొరపాటున వేరేవాళ్ళకి ఇచ్చిన వస్తువును తిరిగి తీసుకున్నట్టు నిదానంగా తీసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

అదే రోజు ఆసుపత్రి కమిటీకి నా చేత్తో అంతా రాసిచ్చాను. తాళాలు తీసుకుని, పెరుగుతున్న నాళాన్ని వేరేవాళ్ళకి అప్పగించారు. నా మీద పెట్టిన కేసు ఇప్పటికీ నడుస్తోంది. రంగనాయకులు గారు తాను దాచబోయిన సంగతిని కమిటీ ముందు తానే ఒప్పుకున్నారు. తన సిద్ధాంతం తప్పని పత్రికలకు రాశారు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆయన భయపడ్డట్టే నలభై కుటుంబాలకూ కబురు వెళ్ళింది. ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళు, పెళ్ళిళ్ళయినవాళ్ళు, పసిపిల్లలు, అందరూ వచ్చి వరసలో నిలబడి పరీక్ష చేయించుకున్నారు. ఎవరి నాళం వారిదేనని తేలింది. కానీ ఫలితం వచ్చేదాకా వాళ్ళు గడిపిన రోజులను ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. లిఖిత తల్లిదండ్రులకు నేను ఉత్తరం రాశాను. అది చేరిందని తెలిసింది. జవాబు రాలేదు.

కూర్మారావు కొత్త నాళం తనదేనని పరీక్ష చేసి చూపిస్తేనే ఆపరేషన్‌కి ఒప్పుకుంటానన్నాడు. దాన్నుంచి ఒక ముక్క తీసి వేరే ఊరి ల్యాబుకి పంపమన్నాడు. మూడు రోజుల్లో ఫలితం వచ్చింది. అతనిదే. అప్పుడు సంతకం పెట్టాడు.

ఆపరేషన్ రోజు నాకు లోపలికి ప్రవేశం లేదు. ఆసుపత్రి ఎదురుగా రోడ్డుకు అవతల జిరాక్స్ షాపు అరుగు మీద పొద్దున ఏడింటి నుంచి కూర్చున్నాను. సాయంత్రం నాలుగున్నరకి నఫీసా ఫోన్ చేసింది.

"గుండె ఎముకకి పూర్తిగా అతుక్కుని ఉంది మేడమ్. రంపం తగిలి చిరిగింది. తొడ దగ్గర రక్తనాళాలకి ముందే యంత్రం కలిపి ఉంచుకున్నాం కాబట్టి సరిపోయింది. లేకపోతే బల్ల మీదే పోయేవాడు. నాళం బాగుంది. రక్తం వదలగానే వెడల్పై, తిరిగి ముడుచుకుంది. మొదటిసారే ఇది వేసి ఉంటే ఇవాళ ఇతన్ని కోసే పనే ఉండేది కాదు."

థాంక్స్ చెప్పాను. ఫోన్ పెట్టేసి అరుగు దిగాను.

మూడు నెలల తర్వాత పలాస నుంచి ఫోన్ వచ్చింది.

"తవిటమ్మని," అంది. "మీరు మా ఊరు రావాల."

"అబ్బాయి ఎలా ఉన్నాడు?"

"షాపు తెరిసినాడు. మోటార్లు ఎత్తుతున్నాడు, నాను వద్దన్నా. అది కాదు సంగతి. ఆ కాయితంలో మాట నాను ఇంటికొచ్చి అందరికీ సెప్పినాను. పద్నాలుగేళ్ళు ఈ వీధి వీధంతా నన్ను అదే మాటన్నారు. ఇప్పుడు నాను కాదంటే ఎవులూ నమ్మటం నేదు. కొడుకు బాగుపడ్డాడు గాబట్టి అలగ సెప్తన్నాదంటన్నారు. మీరొచ్చి సెప్పాల."

వెళ్ళాను. ఫణి తోడొస్తానన్నాడు గానీ వద్దన్నాను. స్టేషన్‌లో కూర్మారావు బైక్ వేసుకుని వచ్చాడు. కూర్చోమని సీటు చూపించాడు. అతని వెనక కూర్చున్నంతసేపూ, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా, అతను సులువుగా ఊపిరి తీసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

జీడిబట్టీ రేకుల షెడ్డు. లోపల నలభైమంది దాకా ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. కాలిన తొక్కల ఘాటు కళ్ళను మండిస్తోంది. తవిటమ్మ లేచి వచ్చి నన్ను మధ్యలోకి తీసుకెళ్ళింది. "ఈ అమ్మే," అంది. "ఇశాపట్నం అమ్మ." ఒక్కొక్క సుత్తే ఆగింది.

గోడవార పీట మీద ఒక ముసలామె పప్పు పొట్టు తీస్తోంది. తవిటమ్మ అత్త. ఆమె మాత్రం ఆపలేదు.

నేను చెప్పాను. ఈసారి ఎక్కడా తడబడలేదు. తప్పు నాదేనని, నాళం పాడుచేసింది నేనేనని, దాన్ని దాచింది నేనేనని, తవిటమ్మ రక్తంలో గానీ ఆమె కొడుకు రక్తంలో గానీ ఏ దోషమూ లేదని, ఆ కాగితంలో రాసింది అబద్ధమని, అబద్ధమని తెలిసే నేను చదివి వినిపించానని చెప్పాను. ముందు వరసలోని ఒకామె చేతిలోని పిక్కను కింద పెట్టి తవిటమ్మ వైపు చూసింది. ఇంకొకామె తల వంచుకుంది. అందరూ ఏదో ఒకప్పుడు ఆ మాట అన్నవాళ్ళేనని నాకు అర్థమైంది.

ముసలామె మాత్రం పొట్టు తీస్తూనే ఉంది.

తవిటమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆమె దగ్గరకు తీసుకెళ్ళింది. అత్త ముందు నన్ను నిలబెట్టింది. ఆ పట్టులో కోపం లేదు, దయ కూడా లేదు.

"మళ్ళీ సెప్పండి," అంది. "మా అత్తకి సెవుడు. గట్టిగా సెప్పాల."

నేను ఆ ముసలామె ముందు కింద కూర్చుని, ఆమె చెవి దగ్గరకు వంగి, మొదట్నుంచీ గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.